లోపల వదిలిన గుడ్డ

మా కోడలు నడుం వాల్చి నిద్రపోయి చాలా కాలమైంది. పడుకుంటే చాలు, పుల్లటి నీళ్ళు గొంతులోకి ఎగదన్నుకొస్తాయి. దిండ్లన్నీ గోడకి పేర్చుకుని, వాటికి ఆనుకుని కూర్చునే కునుకు తీస్తుంది.

అంతకుముందు బరువు తగ్గడానికి ఒక ఆపరేషన్ చేయించుకుంది. పొట్టలో సంచీలా ఉండేదాన్ని కోసి సన్నటి గొట్టంలా చేశారు. అప్పుడు ఎంత తగ్గిందంటే, బస్సుల షెడ్డులో మా అబ్బాయితో పనిచేసేవాళ్ళు "కొత్త పెళ్ళాన్ని ఎక్కణ్ణుంచి తెచ్చావురా?" అని వాణ్ణి ఏడిపించేవారు. తర్వాత తగ్గినదంతా మెల్లగా వచ్చి కూర్చుంది. దాని వెనకే ఈ పులుపు.

పేగు మార్చి కలిపే రెండో ఆపరేషన్ చేస్తే రెండూ సర్దుకోవచ్చని సర్జన్ గారు చెప్పారు. "కానీ ఒకసారి కోసి కుట్టిన చోట మళ్ళీ కోయడం తేలిక కాదమ్మా. మొదటిది ఎందుకు నిలవలేదో తేలకుండా నేను కత్తి పట్టను" అన్నారు. అది తేల్చి సరే అనాల్సింది డైటీషియన్. చిన్నపిల్ల. గొంతు మెత్తన, ప్రశ్నలు గట్టి.

"బరువు తిరిగి వస్తోందని మీకు మొదట ఎప్పుడు తెలిసింది?"

"ఏమోనమ్మా, ఇంట్లో కాటా లేదు."

"బట్టలు బిగుతై ఉంటాయి కదండీ?"

"లేదు. నా బట్టలు ఎప్పుడూ బిగుతవలేదు."

ఆ అమ్మాయి కలం కింద పెట్టింది. "ఇంత పెరిగాక బిగుతవకుండా ఎలా ఉంటాయి? బాగా ఆలోచించుకుని రండి. అప్పటిదాకా నేను సరే అని రాయలేను."

బయటికొచ్చాక కోడలు మెట్ల మీదే ఆగిపోయింది. "నేను అబద్ధం చెప్తున్నానంటుందా అత్తయ్యా? ఒట్టు, ఒక్క గౌనూ బిగుతవలేదు!"

"నీకు అబద్ధం ఎక్కడొచ్చే? నోరు తెరవకముందే మొహం చెప్పేస్తుంది" అన్నాను. కానీ నాకూ అంతు పట్టలేదు.

మాది బట్టలు సరిచేసే దుకాణం. పొడుగు తగ్గించడం, నడుము వదులు చేయడం, జిప్పులు మార్చడం. కోడలు మిషన్ మీద, నేను గుండీల దగ్గర. మర్నాడు మందుల షాపాయన ప్యాంటు పట్టుకొచ్చాడు.

"ఉతికితే కుంచించుకుపోయింది చెల్లెమ్మా. కాస్త వదులు చెయ్యి."

"అవునన్నయ్యా, తప్పంతా గుడ్డదే. మీ పొట్ట ఏ పాపమూ ఎరగదు."

ఆయన నవ్వుతూ బల్ల మీద కూర్చున్నాడు. కోడలు ప్యాంటు తిరగేసింది. కుట్టు పక్కనే, పాత కుట్టు విప్పిన చోట సూది రంధ్రాలు వరసగా కనిపిస్తున్నాయి. "ఇదివరకే ఒకసారి వదులు చేయించారుగా, ఇవిగో ఆనవాళ్ళు. బట్ట మరిచిపోదు అన్నయ్యా..." అంటూ మధ్యలో ఆగింది. చేతిలో బ్లేడు పక్కన పెట్టేసి వెనక గదిలోకి వెళ్ళింది.

ఎంతకీ రాకపోతే నేనూ వెళ్ళాను. బీరువాలోని గౌన్లన్నీ మంచం మీద తిరగేసి పరిచి ఉన్నాయి. ప్రతిదానికీ పక్క కుట్ల దగ్గర సూది రంధ్రాల వరసలు, ఒకదాని పక్కన ఒకటి, అంచు వైపు జరుగుతూ.

"నా చేతులే చేసేశాయి అత్తయ్యా. కాస్త పట్టినట్టుంటే చాలు, విప్పి మళ్ళీ కుట్టేసేదాన్ని. దురద పుడితే గోక్కున్నట్టే, మనసు దాకా వెళ్ళేది కాదు. అందరికీ బట్టలు చెప్తాయి. నేను నా బట్టల నోరు కుట్టేశాను."

ఏ దర్జీ అయినా తన బట్టల్లో లోపల గుడ్డ కాస్త ఎక్కువే వదులుకుంటాడు. మా కోడలు లెక్క చూసుకోకుండా వదిలేది. ఇప్పుడు పెద్ద కత్తెర తీసి, ఆ మిగిలిన గుడ్డంతా కుట్టుకి దగ్గరగా కోయడం మొదలుపెట్టింది.

అప్పుడే షెడ్డు నుంచి వచ్చిన మా అబ్బాయి గుమ్మంలోనే నిలబడిపోయాడు. "నీకేమైనా పిచ్చా? రేపు వదులు చేయాల్సొస్తే?"

"వదులు చేయడానికి గుడ్డ ఉండకూడదనే కోస్తున్నా. ఈసారి బిగుతైతే నాకు తెలియాలండీ. అందరికంటే ముందు నాకే తెలియాలి."

"తల్లీ, నా ప్యాంటు కూడా కోసేస్తున్నావా ఏంటి?" అని ముందు గదిలోంచి మందుల షాపాయన కేక పెట్టాడు.

ఒక్క గౌను కోయకుండా ఉంచి డైటీషియన్ దగ్గరికి పట్టుకెళ్ళింది. తిరగేసి ఆమె బల్ల మీద పరిచింది.

"మీరడిగినదానికి జవాబు తెచ్చాను. ఈ వరస బడి యూనిఫారాల పని మీద పడ్డప్పటిది. అన్నానికి లేచే తీరిక లేక తీపి టీ, బిస్కెట్లు మిషన్ దగ్గరే. ఈ గొట్టంలో అన్నం అడ్డుపడుతుంది కానీ అవి జారిపోతాయి. ఈ పక్కది, పని తగ్గాక కూడా అలవాటు పోనప్పటిది."

ఆ అమ్మాయి రంధ్రాల మీద వేలు పెట్టి తడుముతూ చాలాసేపు చూసింది. "మరి ఇప్పుడు?"

కోడలు తను వేసుకున్న గౌను అంచు తిప్పి చూపించింది. లోపల పట్టుకోవడానికి గుడ్డే లేదు.

సరే అని రాసింది. కానీ ఆపరేషన్ నాటికి పొట్టకి అడ్డొచ్చే కాలేయం చిన్నదవ్వాలని, అందాకా తాగేవి తప్ప ఏమీ తినకూడదని చెప్పింది. మిషన్ పక్కన ఉండే బిస్కెట్ల డబ్బాలో నేను గుండీలు పోశాను. మా అబ్బాయి కంచం పట్టుకుని పెరట్లో దొంగపిల్లిలా తినేవాడు. ఊపిరి గట్టిపడాలని ఇచ్చిన పరికరంలో కోడలు గాలి పీలుస్తుంటే, లోపల బంతులు లేచేవి. వచ్చినవాళ్ళు కొలతలు ఇవ్వడం మానేసి దాన్నే చూసేవారు.

ఒక మధ్యాహ్నం గ్లాసు ముందు పెట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "ఈ నీళ్ళు చూస్తేనే ఏడుపొస్తోంది."

"ఏడువు. కానీ తాగు."

"తాగుతూనే ఏడుస్తున్నాగా!" అని గ్లాసు ఖాళీ చేసి మిషన్ ఎక్కింది.

ఆసుపత్రికి బయల్దేరే రోజు ఆ కోసిన గౌనే వేసుకుంది. భుజాల దగ్గర వేలాడుతోంది. "పక్కలు కాస్త పట్టనా?" అని పిన్నులు తీశాను.

"వద్దత్తయ్యా. తిరిగొచ్చాక నేనే పట్టుకుంటా." సంచీ భుజానికి తగిలించుకుని మంచం వైపు తిరిగింది. "ఏవండీ, ఆ దిండ్లు తీసి అటక మీద పడెయ్యండి. ఒక్కటుంచండి చాలు."

మా అబ్బాయి నా వైపు చూశాడు.

"నన్ను చూస్తావేంట్రా? మీ ఆవిడ చెప్పింది వినపళ్ళా? తియ్యి" అన్నాను.