ఇద్రీస్ చాచా పళ్లు

అంబదాస్ షార్జాలో ఒక బట్టల గోదాములో పనికి కుదిరి మూడేళ్లయింది. సిరిసిల్లలో అందరికీ అది దుబాయే. నెలకొక ఉత్తరం వచ్చేది. అందులో కొత్త సంగతి ఉండేది తక్కువ. 1989 వానాకాలంలో వచ్చిన ఉత్తరం మాత్రం నాలుగు పేజీలుంది. అతని భార్య దేవవ్వ బీడీల చాట పక్కన పెట్టి దాన్ని రెండుసార్లు తనలో తాను చదువుకుంది. మూడోసారి అత్త కమలవ్వకు వినపడేలా చదివింది.

'మా గోదాము చూసుకునే ఇద్రీస్ చాచా గురించి ఇంతకుముందు రాసిన గదా. సూడాన్ దేశపాయన. పోయిన ఎండకాలం నాకు కామెర్లయితే పదిహేను దినాలు ఆయనే గంజి కాసి పోసిండు. ఇప్పుడాయనకు పండ్ల బాధ. రొట్టె చాయిల నానబెట్టుకొని మింగుతుండు. ఇక్కడ పండ్ల డాక్టరుకు చూపించుకుంటే మూడు నెలల జీతం ఒడుస్తదట. మా అవ్వ కరీంనగర్ల కట్టుడు పండ్లు పెట్టించుకున్నది, మంచిగ తింటున్నదని నేను చెప్పిన. అప్పటిసంది నన్ను ఇడుస్తలేడు. విమానం కిరాయి కలిపినా అక్కడనే అగ్గువ పడుతదట. నెల రోజులు సెలవు పెడుతడు. నువ్వు డాక్టరమ్మ దగ్గరికి పోయి అన్నీ అర్సుకొని రాయి.'

కమలవ్వ చెయ్యి చెంపకు ఆనించుకుని విన్నది.

"మనోళ్లు దుబాయి పోతుంటే దుబాయోళ్లు పండ్లకని కరీంనగర్ వస్తరా?"

"దుబాయాయన గాదత్తా. సూడానాయన."

"గదెక్కడున్నది?"

దేవవ్వకూ తెలియదు. "ఎక్కడుంటేంది, నీ కొడుకుకు గంజి పోసిండు" అంది.

కమలవ్వ కొంగుముడి విప్పి బస్సు కిరాయి తీసింది.

మరునాడు దేవవ్వ బీడీల పని మానుకుని కరీంనగర్ బస్సెక్కింది. డాక్టర్ మనోరమ దవాఖాన గడియారం టవర్ వెనక సందులో, మెట్లెక్కి పోవాలి. కమలవ్వ పళ్లు కట్టింది ఆవిడే. దేవవ్వ చెప్పినదంతా విని మొదట నవ్వింది. తర్వాత కాగితం ముందుకు లాక్కుంది.

"అంత దూరం నుంచి వచ్చేటాయనను తిరిగి రమ్మనలేం కదా. ముందే తెలుసుకోవాల్సినవి తెలుసుకుందాం" అంటూ ఒక్కొక్కటే రాసింది. నోట్లో ఎన్ని పళ్లున్నాయి, ఎన్ని కదులుతున్నాయి, షుగర్ ఉందా, దెబ్బ తగిలితే రక్తం తొందరగా ఆగుతుందా, నోట్లో ఎక్కడన్నా పుండుందా. ఆ చివరి ప్రశ్న కింద గీత పెట్టింది. వీసా కోసమని ఇంగ్లీషులో ఇంకో కాగితం రాసి, ముద్ర వేసి ఇచ్చింది.

దేవవ్వ ఆ రెంటినీ ఉత్తరంలో పెట్టి పంపింది. ఉత్తరం పోవడానికి పదిహేను రోజులు, జవాబు రావడానికి పదిహేను రోజులు. అంబదాస్ అంతదాకా ఆగలేదు. ఫలానా శుక్రవారం మధ్యాహ్నం ఆసామి లింగమూర్తి ఇంటికి ఫోన్ చేస్తానని, ఊరికి వస్తున్న మనిషితో కబురు పంపాడు. అంబదాస్ దుబాయి పోకముందు పనిచేసిన మరమగ్గాల సాంచెలు లింగమూర్తివే. ఆ వాడలో ఫోనున్న ఇల్లూ అదొక్కటే. అత్తాకోడళ్లు పొద్దున్నే పోయి వాకిట్లో కూర్చున్నారు.

ఫోన్ మోగింది. అవతల అంబదాస్ గొంతు, దాని వెనక ఇంకో బొంగురు గొంతు.

"డాక్టరమ్మ అడిగినయి చెప్తున్న, రాసుకో. షుగర్ లేదు. రక్తం మంచిగనే ఆగుతది. పండ్లు... ఆగు, చాచా లెక్కపెడుతుండు." వెనక బొంగురు గొంతు అంకెలు లెక్కబెట్టింది. "మీద ఆరు, కింద ఎనిమిది. అండ్ల నాలుగు కదులుతున్నయి. ఒకటి సగం ఇరిగింది."

దేవవ్వ రాసుకుంది. "పుండు?"

అంబదాస్ గొంతు తగ్గించాడు. "ఉన్నది. నాలిక పక్కన. మూడు నెలలాయె, మానుతలేదు. చాచా కింది పెదవి లోపట పొగాకు ముద్ద పెట్టుకుంటడు. వాళ్ల దేశంల అలవాటట. ఇగ ఆయనకు అదే భయం. పైకి పండ్లు పండ్లు అంటడు గని, నాకు తెలుసు."

లైను తెగిపోయింది. దేవవ్వ రిసీవరు పట్టుకుని అలాగే నిలబడింది. రోజూ తన చేతులకు అంటుకునే పొగాకు వాసన ఆ పూట కొత్తగా తోచింది.

మళ్లీ కరీంనగర్ పోయింది. మనోరమ ఆ కాగితం చూసి కుర్చీలో వెనక్కి వాలింది.

"దేవవ్వా, ఉన్నదున్నట్టు చెప్తున్న. నేను ముందు పుండు చూస్త. అది మంచిది కాదనిపిస్తే చిన్న ముక్క తీసి పరీక్షకు హైదరాబాద్ పంపుత. అప్పుడు పండ్ల మాటే ఉండదు. ఆయన సెలవంతా దానికే పోవచ్చు. ఈ సంగతి తెలిసి వస్తే రమ్మను. తెల్వకుంట మాత్రం రమ్మనకు."

ఇంటికొచ్చి చెప్తే కమలవ్వ ముఖం మాడ్చుకుంది. "పరాయి దేశపోడు. మన దగ్గరున్నప్పుడు ఏమన్నయితే ఎవ్వలకు జవాబు చెప్తమే? నీ పెనిమిటి కూడ ఇక్కడ లేకపాయె."

"ఆయన కూడ మన ఇంటాయనను అట్లనే అనుకుంటే ఎట్లుండు అత్తా?"

కమలవ్వ కొంగుతో మొహం తుడుచుకుంది. "రాయి మరి. ఉన్నది చెప్పే రాయి" అంది.

దేవవ్వ రాసింది. మెత్తగా చెప్పాలని చూసింది కాని, మెత్తటి మాటలు దొరకలేదు. డాక్టరమ్మ అన్నట్టే రాసేసింది. జవాబులో అంబదాస్ ఎక్కువేమీ రాయలేదు. 'చాచాకు చదివి చెప్పిన. రెండు రోజులు ఎవ్వలితోటి మాట్లాడలే. మూడో రోజు పోయి టికెట్టు తెచ్చుకున్నడు.'

ఇక ఆయన్ను బొంబాయి నుంచి సిరిసిల్ల దాకా ఎలా రప్పించాలన్నది మిగిలింది. దేవవ్వ అన్న దేవదాస్ బొంబాయి పక్కనే భీవండిలో సాంచెల మీద పనిచేసేవాడు. అక్కడి నుంచి సిరిసిల్లకు నేరుగా బస్సులున్నాయి. విమానం దిగే తేదీ, మనిషి ఆనవాలు రాసి పంపితే, కలుసుకుని బస్సెక్కించడానికి అతను ఒప్పుకున్నాడు. ఆనవాలు కింద దేవవ్వ రాసిన మాట ఒక్కటే: 'బాగ పొడుగుంటడట.'

డిసెంబరు మొదటి వారంలో ఒక పొద్దున ఇద్రీస్ సిరిసిల్లలో బస్సు దిగాడు. నిజంగానే పొడుగు మనిషి. మడమల దాకా తెల్లటి అంగీ, తలకు తెల్లటి గుడ్డ. బస్టాండులో జనం పనులాపి చూశారు. ఆయన మాత్రం కమలవ్వను చూస్తూనే వంగి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, "అంబదాస్ కీ అమ్మా" అన్నాడు. కమలవ్వ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"సన్నగున్నడే" అంది కోడలితో. "ఏం తింటుండో ఏమో."

అంబదాస్ లేని ఇల్లు కాబట్టి పక్కింటి అంతయ్య తన వసారాలో ఆయనకు మంచం వేశాడు. తిండి మాత్రం ఇక్కడే. షార్జాలో నేర్చుకున్న ఉర్దూ ఆయనది, బీడీల కార్ఖానాలో నేర్చుకున్న ఉర్దూ దేవవ్వది. రెండూ సగం సగమే అయినా పని నడిచింది.

మరునాడే ముగ్గురూ కరీంనగర్ పోయారు. మనోరమ ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, దీపం దగ్గరికి లాక్కుని, నాలుకను గుడ్డతో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. వేలితో నొక్కి చూసింది. మెడ కింద తడిమింది. ఇద్రీస్ కుర్చీ చేతులను బిగించి పట్టుకున్నాడు. కమలవ్వ గోడకానుకుని నిలబడి ఏదో గొణుక్కుంటోంది.

"ఇక్కడ చూడు" అని మనోరమ దేవవ్వను దగ్గరికి పిలిచింది. "సగం ఇరిగిన పన్ను ఇది. కత్తి లెక్క ఉన్నది. మాట్లాడినా, మింగినా నాలికకు కోసుకుంటున్నది. పుండు సరిగ్గ దానికి ఎదురుంగనే ఉన్నది."

"అంటే భయం లేదా అమ్మా?"

"అట్ల అంటలేను. ఈ పన్ను ఇయ్యాల పీకుత, కదిలేటియి కూడ తీసేస్త. పొగాకు ముట్టొద్దు. పన్ను వల్లనే అయితే పుండు పది పదిహేను రోజులల్ల మానాలె. మానకపోతే ముక్క తియ్యాల్సిందే. ఆయనకు చెప్పు."

దేవవ్వ చెప్పింది. ఇద్రీస్ అంతా విని, జేబులోంచి పొగాకు డబ్బీ తీసి డాక్టరు బల్ల మీద పెట్టాడు. ఆ రోజే ఐదు పళ్లూ పీకింది.

ఇక ఎదురుచూపులు మొదలయ్యాయి. పొద్దున ఎండ వాకిట్లో పడగానే ఇద్రీస్ పీట మీద కూర్చుని నాలుక చాపేవాడు. కమలవ్వ అద్దాలు పెట్టుకుని చూసేది. "నిన్నటికన్న జర తక్కువున్నది" అనేది. రోజూ అదే మాట. నిజంగా తగ్గుతోందో, ఆయన ధైర్యం కోసం అంటోందో దేవవ్వకు అంతుపట్టలేదు. ఐదోరోజు తనే చూసింది. ఎర్రగా అలాగే ఉంది. ఆ పూట చేసిన జావ ఇద్రీస్ సగమే తాగాడు. పొగాకు మీదికే మనసు పోయేది. ఊరికే కూర్చోలేక అంతయ్య సాంచెల దగ్గరికి పోయి తెగిన పోగులు అతికేవాడు. రాత్రిళ్లు ఆయనకు నిద్ర ఉండటం లేదని అంతయ్య చెప్పాడు. ఇంట్లో అత్తాకోడళ్లకూ లేదు.

ఎనిమిదో రోజు కమలవ్వ ఎప్పటిలాగే వంగి చూసింది. అద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. ఆయన్ను ఎండ వైపు తిప్పింది.

"ఏమైందత్తా?" దేవవ్వ పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చింది.

"అంచులు దగ్గరికి గుంజుకున్నయే. నడుమ ఇంత గింజంత ఉన్నది. నా కండ్లు మోసం జేస్తున్నయా ఏంది, నువ్వు సూడు."

దేవవ్వ చూసింది. నిజమే. "చాచా, కమ్ హువా, తగ్గింది" అంది. ఇద్రీస్ నాలుక లోపలికి తీసుకుని, ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూశాడు. నమ్మాలని ఉంది, నమ్మడానికి భయంగానూ ఉంది. "డాక్టర్ బోలేగీ" అన్నాడు నెమ్మదిగా, ఆవిడ చెప్తేనే నమ్ముతానన్నట్టు.

డాక్టరమ్మ కూడా తొందరపడలేదు. "మంచిగ మానుతున్నది. పూర్తిగ పోయేదాక నేను మాట ఇయ్యను" అని, పళ్ల అచ్చులు మాత్రం తీసుకుంది. మీదికొక కట్టుడు పళ్ల ప్లేటు, కిందికొకటి. ఆ తర్వాత రెండుసార్లు పిలిచి సరిచూసింది. పై ప్లేటు మొదట ఒకవైపు ఎత్తుగా వచ్చింది. దాన్ని మళ్లీ చేయించింది. సెలవు అయిపోవస్తోందని దేవవ్వకు కంగారు, డాక్టరమ్మకు లేదు.

తిరుగు ప్రయాణానికి మూడు రోజుల ముందు అందరూ ఆఖరుసారి పోయారు. మనోరమ ముందు నాలుకే చూసింది. దీపం దగ్గర పెట్టి, నొక్కి, మెడ తడిమి, చాలాసేపు చూసింది. కమలవ్వ గోడకు ఆనుకోవడం కూడా మరిచిపోయింది.

"సాఫ్ హై, ఇద్రీస్ సాబ్" అంది మనోరమ చేతులు తుడుచుకుంటూ. "కుఛ్ నహీ హై. మచ్చ కూడ లేదు. అది పన్ను చేసిన పుండే. పొగాకు జోలికి మాత్రం మళ్ల పోవద్దు. ఆర్నెల్లకోసారి అక్కడ డాక్టరుకు నోరు చూపించుకోవాలె."

ఇద్రీస్ కుర్చీలోనే రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అంత పెద్ద భుజాలు కదులుతుంటే డాక్టరమ్మ కిటికీ వైపు తిరిగి సామాను సర్దుకుంది. కమలవ్వ పోయి ఆయన తలగుడ్డ మీద చెయ్యి పెట్టింది.

"అయిపోయింది బిడ్డా. ఇగ అయిపోయింది. జర ఆ పండ్లు పెట్టించుకో, నీ మొఖమెట్లుంటదో సూద్దాం."

పళ్లు పెట్టాక ఆయన అద్దంలో చూసుకున్నాడు. నవ్వబోయి ఆగాడు. మళ్లీ నవ్వాడు. పదేళ్లు తగ్గినట్టున్నాడు.

మధ్యాహ్నం కామారెడ్డి బస్సు దొరికింది. సిరిసిల్ల మీదుగానే పోతుంది. ఇద్రీస్ కిటికీ పక్కన కూర్చున్నాడు. ఆయన వెనక సీట్లో అత్తాకోడళ్లు. వేములవాడ దాటేదాకా కమలవ్వ మాట్లాడుతూనే ఉంది. కొత్త పళ్లతో మొదట మెత్తటి అన్నమే తినాలట, రెండు దిక్కులా నమలాలట, తినేటప్పుడు మాట్లాడొద్దట. దేవవ్వ వాటిని ఉర్దూలోకి మార్చి చెబుతోంది. చెబుతూ చెబుతూ ముందుకు చూస్తే చాచా తల కిటికీకి ఆనించి నిద్రపోతున్నాడు. పక్కకు తిరిగితే అత్త కూడా నోరు తెరుచుకుని నిద్రలో ఉంది. తాను మెలకువగా ఉండి ఇద్దరినీ లేపాలనుకుంది.

ఎవరో భుజం తడితే కళ్లు తెరిచింది. కండక్టరు నిలబడి ఉన్నాడు.

"మీరు సిరిసిల్లకు గదా తీసుకున్నది? ఎల్లారెడ్డిపేట వచ్చింది. సిరిసిల్లల గంత లొల్లి అయింది, అంత మంది దిగిండ్రు, ఎక్కిండ్రు. ముగ్గురిల ఒక్కలన్న లేవకపోతిరి!"

గాభరాగా దిగారు. బస్సు వెళ్లిపోయింది. రోడ్డు మీద ముగ్గురూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు నవ్వింది కమలవ్వ. తర్వాత ఇద్రీస్ కొత్త పళ్లన్నీ కనపడేలా నవ్వాడు. దేవవ్వకు కడుపు పట్టుకోవాల్సి వచ్చింది.

తిరుగు బస్సు రావడానికి గంట పడుతుందన్నారు. రోడ్డు పక్క హోటల్లో బల్ల మీద కూర్చుని మూడు చాయిలు చెప్పారు. హోటలాయన వేడి వేడి మిర్చీ బజ్జీలు పళ్లెంలో పెట్టి తెచ్చాడు. కమలవ్వ వద్దన్నట్టు చెయ్యి ఊపుతుండగానే ఇద్రీస్ ఒకటి తీసుకుని కొసన చిన్న ముక్క కొరికాడు. రెండు వైపులా మెల్లగా నమిలి మింగాడు. కళ్లలో నీళ్లొచ్చాయి. అవి కారం నీళ్లే.

"బస్సు రానీ, రాకపోనీ" అంది కమలవ్వ, బల్ల మీద కాళ్లు ముడుచుకుని కూర్చుంటూ. "నాకైతే తొందరేం లేదు."