రేకులు విప్పిన చేతులు

మూడో రేకు లేపగానే కింద గదిలో మనిషి కనిపించింది.

ఇల్లు ఖాళీగా ఉందని చెప్పి వడ్రంగి ఒడార్తేయ్‌ని పనికి పిలిచారు. తీరా చూస్తే, కింద ఒక ముసలావిడ పీట మీద కూర్చుని, పులిసిన మొక్కజొన్న పిండిని ముద్దలు చేసి పొత్తు డొప్పల్లో చుడుతోంది. పైనుంచి తుప్పు రాలి పిండిలో పడింది. ఆవిడ తల ఎత్తింది.

"ఏం నాయనా, నా నెత్తి మీద ఏం వెతుకుతున్నావు?"

"మరమ్మతు, పెద్దమ్మా. ఓనరు చెప్పాడు."

"కారుతోందని నేను చెప్పానా?"

ఒడార్తేయ్ సుత్తి పక్కన పెట్టి లోపలికి వంగి చూశాడు. వాసం అవతల పక్క గదిలో ఎవరో పసిపిల్లకి నీళ్ళు పోస్తున్నారు. ఆ పక్కన ఒకడు మంచం మీదినుంచి లేచి, ఆకాశం చూసి బూతులు తిడుతున్నాడు.

"నేను కూలోణ్ణి పెద్దమ్మా. నేను కాకపోతే ఇంకోడు విప్పుతాడు."

"ఆ ఇంకోడు రావడానికి ఒక రోజు పట్టేది. ఆ ఒక్క రోజైనా నేను తడవకుండా ఉండేదాన్ని" అని ఆవిడ మళ్ళీ డొప్ప చుట్టుకుంది.

ఆవిడ పేరు కొర్కోర్. అక్రా నగరంలో సముద్రం ఒడ్డున ఆ లోగిలిలో ఉన్న పద్దెనిమిది గదుల్లో అందరికంటే పాత మనిషి. ఈ మధ్యనే ఆ లోగిలిని ఆర్మా అనే ఆసామి కొన్నాడు. పడగొట్టి, రోజు అద్దెకి దిగే విదేశీయుల కోసం గదులు కడదామని అతని ఆలోచన. కోర్టు ఉత్తర్వు లేకుండా అద్దె కట్టే మనిషిని గెంటకూడదని చట్టం ఉంది. కానీ తనంతట తాను వెళ్ళిపోయినవాడి గురించి ఏ కోర్టూ అడగదు. ఆర్మాకి ఈ రెండు సంగతులూ తెలుసు. అందుకే పైకప్పు మరమ్మతుకని అనుమతి కాగితం తెచ్చుకున్నాడు. అదీ జూన్ నెలలో, వానలు దంచే రోజుల్లో.

మధ్యాహ్నానికి సగం కప్పు లేచిపోయింది. మూడింటికి వాన దిగింది. ఎదురుగా టీ బండి పందిరి కింద నిలబడి ఒడార్తేయ్ అంతా చూశాడు. పరుపులు, కుట్టు మిషను, స్కూలు పుస్తకాలు ఒక్క వరండాలోకి చేరాయి. కొర్కోర్ పిండి తొట్టిలో నీళ్ళు నిండి, తెల్లగా వాకిట్లోకి పారాయి.

ఆర్మా కారులో వచ్చాడు. అద్దం కొంచెం దించాడు.

"శభాష్. వారం తిరక్కుండా వాళ్ళే మూటలు కడతారు. సోమవారం లామ్టే సందులో ఇంకోటుంది, పచ్చ గేటు. పొద్దున్నే వచ్చెయ్."

ఆ పచ్చ గేటు లోపల ఎడమ వైపు రెండో గది ఒడార్తేయ్‌దే. భార్య డేడే, ఇద్దరు పిల్లలు ఆ గదిలోనే ఉంటారు. పని చేసే మనిషి ఎక్కడ ఉంటాడో ఆర్మా ఎప్పుడూ అడగలేదు.

"అలాగే సార్" అంది ఒడార్తేయ్ నోరు.

మర్నాడు ఆ లోగిట్లో మీటింగు జరిగింది. ఒడార్తేయ్ గుమ్మంలో అడుగు పెట్టగానే, ఆ లోగిట్లోనే ఉండే టీ బండి ఇద్రిసు లేచాడు.

"వీణ్ణెవర్రా రానిచ్చింది? మిగతా సగం విప్పడానికి వచ్చావా?"

"కూర్చో ఇద్రిసూ. ముందు మన సంగతి తేలనీ" అంది సెలాసి. నర్సు చదువు చదివే పిల్ల. ఆ పొద్దుటినుంచీ అద్దె తగాదాలు చూసే ఆఫీసు చుట్టూ తిరిగింది ఆ అమ్మాయే. "ఫిర్యాదు తీసుకున్నారు. వాయిదా అయిదు వారాలకి పడింది."

"అయిదు వారాలా! అప్పటికి మనం బతికుంటాం గానీ పిల్లల ఊపిరితిత్తులుంటాయా?" అన్నాడు ఇద్రిసు.

"చట్టం మన వైపే ఉంది బాబాయ్."

"ఉంటే ఉండనీ. వచ్చి నా మంచం మీద పడుకోమను, ఎంత తడిగా ఉందో తెలుస్తుంది!"

నవ్వారు, ఏడవలేక. ఇద్రిసు వెళ్ళిపోదామన్నాడు. ఎక్కడికని అడిగారు.

అప్పుడు ఒడార్తేయ్ గొంతు సవరించుకున్నాడు. "విప్పింది నేనే. ఏ రేకు ఏ వాసం మీదిదో నాకు తెలుసు. అన్నీ పెరట్లోనే పేర్చి ఉన్నాయి. మళ్ళీ వేస్తాను. ఒక్కణ్ణే అయితే నాలుగు రోజులు పడుతుంది, అంతలో వాడొచ్చేస్తాడు. అందరూ అందిస్తే ఒక్క పూట పని."

"నిన్న లేని జాలి ఇవాళెక్కణ్ణుంచి వచ్చింది?" అంది కొర్కోర్.

అబద్ధం చెప్పబోయి, మానేశాడు. "సోమవారం మా ఇల్లు విప్పమన్నాడు పెద్దమ్మా."

కొర్కోర్ పీట మీంచి లేచింది.

"నిజం చెప్పాడు" అంది ఆవిడ. "నిచ్చెన తెండి."

శనివారం పట్టపగలు, వీధంతా చూస్తుండగా మొదలుపెట్టారు. ఆడవాళ్ళు బారుగా నిలబడి రేకులు చేతులు మార్చారు. ఇద్రిసు మేకులు నోట్లో కరుచుకుని అందరికంటే పైకెక్కాడు. పక్క లోగిళ్ళ వాళ్ళు సుత్తులు తెచ్చారు. డేడే కూడా వచ్చింది.

ఆరు రేకులు మిగిలాయనగా ఆర్మా పోలీసుల్ని వెంటబెట్టుకుని వచ్చాడు.

"నా ఆస్తి మీద ఎక్కారు! దింపండి!"

సెలాసి ఎస్సై ముందుకు వెళ్ళింది. "మమ్మల్ని ఖాళీ చేయించమని కోర్టు కాగితం ఉందా సార్?"

ఆర్మా అనుమతి పత్రం ఊపాడు. సెలాసి దాన్ని లాక్కున్నంత పని చేసి గట్టిగా చదివింది. "'పైకప్పు మరమ్మతు.' మరి మేం చేస్తున్నదేంటి సార్? కాస్త పైకి చూడండి."

ఎస్సై పైకి చూశాడు. మీసం కింద నవ్వు కదిలి, ఆర్మా ముఖం చూడగానే ఆగిపోయింది.

"ఆ వడ్రంగిని పట్టుకోండి. పెరట్లోంచి నా రేకులు దొంగిలించాడు" అన్నాడు ఆర్మా.

"దొంగిలించి ఎక్కడ పెట్టాడయ్యా, ఇంటి మీదా?" ఎవరో అరిచారు. గుంపు గొల్లున నవ్వింది. అయినా ఒడార్తేయ్‌ని దింపారు. బేడీలు వేస్తుంటే పైన సుత్తుల చప్పుడు ఆగింది.

"ఆగారేం? వాన మబ్బు కనబడట్లేదా? ఆ ఆరు రేకులూ పై వరసలో వేసెయ్యండి!" అని కిందినుంచి ఒడార్తేయ్ అరిచాడు. చప్పుడు మళ్ళీ మొదలైంది. జీపు వీధి మలుపు తిరిగేదాకా అతనికి వినిపిస్తూనే ఉంది.

ఆదివారం స్టేషన్‌లోనే గడిచింది. సోమవారం ఉదయం నుంచీ లామ్టే సందునే తలుచుకుంటూ గోడకి చేరగిలబడి ఉన్నాడు. వేరే వడ్రంగులు దొరక్కుండా ఉంటారా? డేడే ఒక్కతే ఏం చేస్తుంది?

పదకొండింటికి బయట గోల లేచింది. ఆడగొంతులు, తిట్లు, పాట. పక్క గది తలుపు తెరుచుకుని, మూసుకుంది.

"ఒడార్తేయ్!" గోడ అవతల కొర్కోర్ గొంతు. "ఉన్నావా?"

"పెద్దమ్మా! నిన్నెందుకు తెచ్చారు?"

"మీ ఇంటి కప్పెక్కినందుకు. నీ పెళ్ళాం, నేను, సెలాసి, ఇంకా మీ వీధి ఆడవాళ్ళు ఎనిమిది మంది. తెల్లారగానే ఎక్కి కూర్చున్నాం. వాడు తెచ్చిన వడ్రంగులు కింద నిలబడి చూశారు. చివరికి నిచ్చెన భుజానేసుకుని వెళ్ళిపోయారు."

"మరి రేకులు?"

"ఒక్కటీ కదల్లేదు. ఇప్పుడు పైన ఇద్రిసు వాళ్ళున్నారు. వాళ్ళనీ తెస్తే పచ్చ గేటు ఎదురింటివాళ్ళు ఎక్కుతారు. వాళ్ళ తర్వాత ఎవరెక్కాలో కూడా చెప్పే వచ్చాను."

ఒడార్తేయ్ గోడకి చెవి ఆనించాడు. అవతల పదకొండు మంది ఆడవాళ్ళు స్థలం చాలక ఒకర్నొకరు తిట్టుకుంటూ, నవ్వుకుంటూ సర్దుకుంటున్నారు.