పదకొండో జత

దర్జీ అత్త దుకాణం ఉదయం తొమ్మిదింటికి తెరుచుకుంటుంది. ముందు మిషనుకి నూనె, తర్వాత కత్తెరకి సాన, ఆ తర్వాతే కొలతలు. ఆవిడ ఛాతీ చుట్టూ టేపు వేసిందంటే చాలు, ఆ మనిషి చొక్కా చేతి అంచులోంచి నలభై ఆరు పోగులు జతలు జతలుగా బయటికి జారతాయి. కళ్లద్దాలు సర్దుకుని ఒకసారి చూసి, మళ్లీ లోపలికి తోసేస్తుంది. "కొంచెం తొందరగా సర్దండమ్మా, బస్సుకి టైమైపోయింది," అంటారు జనం.

ఆవిడ మేనకోడలు హైస్కూల్లో జీవశాస్త్రం చెబుతుంది. క్రోమోజోములు, యుగ్మవికల్పాలు అంటే ఒకప్పుడు ఆమెకే తల తిరిగేది. అత్త ఒక్క మధ్యాహ్నంలో తేల్చేసింది. "జతలో ఒక పోగు అమ్మది, ఒకటి నాన్నది. రెండింటి మీదా ఒకే చోట ముడి ఉంటుంది. చేసే పని ఒకటే, వేసిన తీరు వేరు. ఒకటి వదులైనా రెండోది గట్టిగా ఉంటే బట్ట నిలుస్తుంది. రెండూ వదులైతేనే చిక్కు." నాలుగో తరగతి దాటని మనిషి! ఆ తెలివికి మేనకోడలు ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటుంది.

ఆ చిక్కే మేనకోడలి తమ్ముణ్ణి తీసుకుపోయింది. పదకొండో జతలో రెండు ముడులూ వదులు. ఎన్నిసార్లు ఎక్కించినా ఒంట్లో రక్తం నిలవక తొమ్మిదేళ్లకే పోయాడు. వాళ్లమ్మకి పెళ్లి జాకెట్టు కుట్టినప్పుడే అత్త ఒక వదులు ముడి చూసింది. పక్కది గట్టిగానే ఉంది కదా అనుకుంది. పెళ్లికొడుకు తన సొంత అన్న. ఇంట్లో మనిషికి టేపెందుకని ఎప్పుడూ పాత చొక్కా ఆది పెట్టుకునే కుట్టింది. ఆయనలోనూ అదే వదులుందని ఆ పిల్లాడు పుట్టాకే తెలిసింది. అప్పట్నుంచి దుకాణంలో ఆది బట్టలు బంద్.

మేనకోడలిలోనూ ఒక వదులు ముడి ఉంది. అందుకే పెళ్లయి నాలుగేళ్లయినా, పిల్లల మాటెత్తితే వంటింట్లోకి జారుకుంటుంది. భర్త రైలు గార్డు. పెళ్లికి కూడా రెడీమేడ్ బట్టలే వేసుకున్న ఘనుడు. పిల్లలెందుకు వద్దని ఆమెని అడిగి అడిగి ఊరుకున్నాడు. ఈ బుధవారం ఆమె అతని చొక్కాకని కొత్త గుడ్డ దుకాణానికి తెచ్చి, దాని మీద అతని పాత చొక్కా పెట్టింది.

"ఆదికి కుట్టనని తెలీదూ? మనిషిని తీసుకురా."

"ఆయనకి డ్యూటీ అత్తా."

"డ్యూటీ కాదు, నీకు భయం."

"చూశాక, ఆయనలోనూ ఉందంటే?"

"ఉంటే ఉందని చెప్తాను. అప్పుడేం చెయ్యాలో మీ ఇద్దరూ ఆలోచించుకుంటారు. చూడకుండా ఊరుకోవడం ఒకసారి అయింది కదే తల్లీ." అత్త పాత చొక్కా తీసి తిరిగి ఆమె చేతిలో పెట్టింది.

ఆ సాయంత్రం మేనకోడలు భర్తకి అంతా చెప్పేసింది. మర్నాడు అతను యూనిఫారంతోనే వచ్చి చేతులు చాచి నిలబడ్డాడు. అత్త టేపు వేసింది. పోగులు జారాయి. పదకొండో జతని కిటికీ దగ్గరికి పట్టి, వేలితో రెండుసార్లు లాగి చూసింది. వెంట వచ్చిన మేనకోడలు పక్కనుంచి తొంగి చూసింది.

"రెండూ గట్టివే," అంది అత్త. "నీ వదులు ముడి బిడ్డకి వచ్చినా, పక్కన ఇతని గట్టి ముడి ఉంటుంది. పిచ్చిదానా, ఏడవకు."

"చొక్కా ఎప్పటికిస్తారు అత్తయ్యగారూ?" అన్నాడు గార్డు, తనే కళ్లు తుడుచుకుంటూ.

"నీది ఆగుతుందిలే బాబూ."

గుడ్డ మడత విప్పి, టేపు పక్కన పడేసి, ఆది కూడా లేకుండా, అత్త జానెడు చొక్కా ఒకటి కత్తిరించడం మొదలుపెట్టింది.