జెయింట్‌వీల్ లైన్లో కదలని చెప్పులు

గజపతినగరం దాటాక రోడ్డు పక్కనున్న ఆ పార్కుకి వెళ్లేవాళ్లు ముందు ఫోను తీస్తారు, తర్వాతే బండి తీస్తారు. ‘లైనెంతుంది?’ అని ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. విజయనగరంలో లెక్కలు చెప్పే రాంబాబు మాస్టారు పెట్టింది. పార్కువాళ్ల బోర్డు మీద ఎప్పుడు చూసినా పదిహేను నిమిషాలే అని ఉంటుంది. పెళ్లిభోజనాల దగ్గర ఇదిగో వడ్డించేస్తున్నాం అన్నట్టే అది కూడా. అంచేత లైన్లో ఉన్నవాళ్లే ఎప్పటికప్పుడు గ్రూపులో పెడతారు. కొలంబస్ ఓడ అరగంట. నీళ్ల జారుడుబల్ల ఖాళీ. గుండ్రంగా తిప్పేదాంట్లో ఎవరో వాంతి చేసుకున్నారు, కడుగుతున్నారు, ఇప్పుడే రాకండి.

మొదట్లో విశాఖ నుంచి వచ్చినవాళ్లు తలలు లెక్కపెట్టేవారు. జెయింట్‌వీల్ దగ్గర పదిమందే ఉన్నారని వాళ్లు పెడితే, జనం పిల్లల్ని చంకనేసుకుని పరిగెత్తుకొచ్చేవారు. తీరా చూస్తే ఆ పదిమంది వెనకాల పార్కు గేటు దాకా చెప్పుల జతలు బారులు తీరి ఉండేవి. యూరియా కోసమైనా, జెయింట్‌వీల్ కోసమైనా మనవైపు ఎండలో మనిషి నిలబడడు, చెప్పులు నిలబెడతాడు. ముందువి కదిలితే వెనకవి వాటంతటవే టపటపమంటూ ఓ అడుగు ముందుకేస్తాయి. యజమాని చెట్టు కింద కునుకు తీస్తాడు. ఇందులో వింతేముంది? చెప్పుల్ని వదిలేసి తలలు లెక్కపెట్టడమే వింత. చివరికి మాస్టారు గ్రూపు పైన పెద్ద అక్షరాలతో పెట్టారు: తలలు కాదు, చెప్పులు లెక్కపెట్టండి.

ఇంకో సంగతి మాత్రం, అందరికీ తెలిసిందే కదా అని ఆయన రాయలేదు. మనిషి మనసు లైన్లో ఉంటేనే చెప్పు కదులుతుంది. మొగుడి పోరు పడలేక కొలంబస్‌కి సరేనన్న ఆడవాళ్ల చెప్పులు వేసినచోటే ఉండిపోతాయి. అలాంటప్పుడు వెనకవాళ్లందరూ ఆగాల్సిందే. ఒకరి చెప్పుల్ని ఇంకొకరు ముట్టుకోరు, దాటి వెళ్లరు. అంతపాటి మర్యాద మనవాళ్లకి ఇంకా మిగిలుంది.

ఆ ఆదివారం గణపతిరావు కుటుంబం కూడా పార్కుకి వచ్చింది. సాలూరు దారిలో ఓ పల్లె వాళ్లది, వరీ నువ్వులూ పండిస్తారు. గణపతిరావు మాటంటే మాటే. ఒకసారి తుపాను రోజు పక్కూరి పెళ్లికి వస్తానన్నాడని నడుంలోతు గెడ్డ దాటి వెళ్లాడు. తీరా అక్కడ పెళ్లే వాయిదా పడింది. తడిబట్టలతో తిరిగొచ్చినా, మాట నిలబెట్టుకున్నానని మీసం దువ్వుకున్న మనిషి.

ఆయన కూతురు ఈశ్వరిది కరెంటు స్తంభాలెక్కే ఉద్యోగం. గాలివానకి తీగ తెగిందంటే హెల్మెట్టు పెట్టుకుని, నడుముకి బెల్టు బిగించి చకచకా ఎక్కేస్తుంది. కింద ముసలమ్మలు కళ్లు మూసుకుని దణ్ణాలు పెడతారు. ఆ పిల్లని పాతపట్నం సూరయ్య తన కొడుకు దేవేంద్రకి అడిగాడు. కుర్రాడు బుద్ధిమంతుడే, సాలూరులో లారీ ఆఫీసు చూసుకుంటాడు. సూరయ్య కోరింది ఒక్కటే. పెళ్లయ్యాక పిల్ల స్తంభాలెక్కడం మానెయ్యాలి. మానేస్తుందని గణపతిరావు అక్కడికక్కడే మాటిచ్చేశాడు. గాలి వీచిన ప్రతి రోజూ ఫోను చేత్తో పట్టుకుని వీధరుగు మీద కూర్చునే బెంగ ఇక తీరుతుందనుకున్నాడు. ఇంటికొచ్చి చెబితే, ఈశ్వరి “నీ ఇష్టం నాన్నా” అంది. ఆ రెండు ముక్కలతో ఆమె బతుకు తేలిపోయింది.

ఇక తాంబూలాలే మిగిలాయి. సూరయ్యకీ గణపతిరావుకీ చిన్నప్పుడు జాతరలో జెయింట్‌వీల్ మీదే స్నేహం కుదిరింది. ఒకే పెట్టెలో పక్కపక్కన కూర్చుని, పైకెళ్లాక ఇద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారట. అంచేత తాంబూలాలు కూడా అక్కడే, చక్రం పైకెళ్లాక మార్చుకుందామని సూరయ్య పట్టుబట్టాడు. ఆయనకి తోచిందే శాస్త్రం. ఒక పెట్టెలో పిల్లలు, వెనక పెట్టెలో తండ్రులు. పళ్లెం చేతులు మారితే సంబంధం ఖాయం.

నాలుగు జతలూ లైన్లో వదిలారు. ముందు ఈశ్వరివి, తర్వాత దేవేంద్రవి, ఆ వెనక సూరయ్యవి, చివర గణపతిరావువి. పార్కువాళ్లు నేల మీద పరిచిన తడి గోనెల మీదుగా గెంతుకుంటూ రేకుల షెడ్డులోకి వెళ్లి కూర్చున్నారు. గణపతిరావు భార్య ధనలక్ష్మి పులిహోర డబ్బా విప్పి అందరికీ పెట్టింది. సూరయ్య గొంతు షెడ్డంతా వినిపిస్తోంది. దేవేంద్ర మధ్యమధ్యలో ఫోను చూసి గ్రూపులో ఏం పెట్టారో పైకి చదువుతున్నాడు. జెయింట్‌వీల్ అరగంట అన్నారు. తర్వాత ఇరవై నిమిషాలన్నారు.

ఆ తర్వాత లైను ఆగిపోయిందని వచ్చింది. ఎవరివో చెప్పులు కదలట్లేదట. వాటి ముందు బారెడు జాగా ఖాళీగా ఉందట. అరగంట కాస్తా గంటయింది, గంటన్నరయింది. ఎండలో ఉన్నవాళ్లకి మంట పుట్టింది. మనసు లేనివాళ్లు లైనుకెందుకొచ్చారని ఒకరు, వచ్చి తీసుకుపోండమ్మా, పిల్లలు ఏడుస్తున్నారని ఇంకొకరు. ఎవరో ఆడమనిషే అయ్యుంటుందని మూడో ఆయన తేల్చేశాడు. దేవేంద్ర చదవడం ఆపేశాడు.

 షెడ్డులో అందరూ ఈశ్వరి వైపే చూశారు. ధనలక్ష్మి చేతిలో ముద్ద మళ్లీ పళ్లెంలో పెట్టేసింది.

“ఏటే, నీవేనేటి?” అంది.

ఈశ్వరి తెల్లబోయి చూసింది. గణపతిరావు మొహం కందగడ్డయిపోయింది.

“ఇష్టం నేకపోతే ఆయేలే సెప్పొచ్చు గదా,” అన్నాడు. “నలుగుర్లోనూ ఇలగ నా పరువు తియ్యాలా?”

 అంతలో గ్రూపులో ఎవరో ఫోటో పెట్టారు. దేవేంద్ర ఫోటో చూశాడు, తలెత్తి గణపతిరావు ఉత్త కాళ్ల వైపు చూశాడు, మళ్లీ ఫోటో చూశాడు. ఫోను పళ్లేల మధ్య పెట్టాడు. మగవాళ్ల తోలుచెప్పులు. ఎడం చెప్పు పట్టీ తెగితే దానికి కరెంటు పనికి వాడే నల్ల టేపు చుట్టి ఉంది. ఆ టేపు చుట్టింది ఈశ్వరే.

గణపతిరావుకి మొదట అర్థం కాలేదు. ఫోను మీదికి వంగి చూశాడు. తన చెప్పులు. జన్మలో మాట తప్పని తన చెప్పులు. మనిషన్నవాడు ఊరందరికీ అబద్ధం చెప్పొచ్చు గానీ, తనకి తాను ఇంత అబద్ధం ఎలా చెప్పుకోగలిగాడో ఆయనకి అంతుపట్టలేదు. లేచి తడి గోనెలు వదిలేసి కాలే సిమెంటు మీదుగానే పరిగెత్తాడు. జనం చూస్తున్నారు, కొందరు ఫోన్లెత్తారు. చెప్పుల్లో కాళ్లు దూర్చి ముందుకి నడవబోయాడు. అవి లేవలేదు. నేలకి మేకులు దిగేసినట్టున్నాయి. బలంకొద్దీ లాగి ముందుకి తూలిపడబోయి, ఎదర ఉన్న జెయింట్‌వీల్ గేటు వైపు చూశాడు.

గేటు దగ్గర మూడు జతలు ఎప్పుడో చేరి, నాలుగో జత కోసం నిలబడి ఉన్నాయి. వాటిలో ఈశ్వరి నీలం చెప్పులు అన్నిటికంటే ముందున్నాయి.

 పిల్ల మనసు ఎక్కడా ఆగలేదు. తండ్రి అన్నాడు కాబట్టి నిజంగానే మానుకుంది. స్తంభాన్నీ, బెల్టునీ, ఆ ఎత్తునీ మనసులోంచి తీసేసి, వెనక్కి తిరిగి చూడకుండా గేటు దాకా వచ్చేసింది. ఇందాక తాను తిట్టింది ఆ పిల్లనా!

ఈలోగా సూరయ్య వచ్చాడు, వెనకాలే దేవేంద్రా ఈశ్వరీ. సూరయ్య గొంతు మొదటిసారి తగ్గింది.

“ఏటి బావా ఇది? మాటిచ్చినావు గదా.”

“ఇచ్చినాను.” గణపతిరావు తన చెప్పులకేసి చూపించాడు. “అది స్తంభమెక్కితే నాకు బయ్యం బావా. ఒట్టు. కానీ అదెక్కినంతసేపూ కింద నిలబడి, పైనున్నాది నా కూతురే అని దారినపోయే ప్రతోడికీ సెప్తాను. అలాటోడ్ని, మానెయ్యమని ఎలగన్నానో నాకే తెల్దు. నా మాట నాను తీసేసుకుంటన్నాను. తప్పు నాదే, సెమించు.”

 సూరయ్య కోపగించుకుంటే బాగుండుననిపించింది గణపతిరావుకి. కానీ ఆయన గేటు దగ్గరికెళ్లి తన చెప్పులు చేతిలోకి తీసుకుని, వాటిని వేసుకోకుండానే బయటికి నడిచాడు. దేవేంద్ర కూడా తన చెప్పులు తీసుకుని, ఈశ్వరికేసి ఒకసారి తిరిగి చూసి తండ్రి వెనకాలే వెళ్లాడు.

గణపతిరావు కాలు కదిపితే చెప్పులు తేలిగ్గా లేచాయి. లైన్లోంచి పక్కకి తప్పుకున్నాడు. వెనకున్న వందల జతలు ఒక్కసారిగా టపటపమంటూ ముందుకి సాగాయి. జనం ఊపిరి పీల్చుకుని ఫోన్లు తీశారు.

గేటు దగ్గరి నీలం చెప్పులు మాత్రం వెనక్కి తిరిగాయి. అందరికీ ఎదురొచ్చి, ఈశ్వరి ముందు ఆగాయి. ఆమె వాటికేసీ, తండ్రికేసీ మార్చి మార్చి చూసింది. చూసినదేదీ నమ్మబుద్ధి కావడం లేదు ఆమెకి.

“రేపు డూటీ ఉన్నాదేటమ్మా?” అన్నాడు గణపతిరావు.

“ఉన్నాది నాన్నా. కొత్త స్తంభం.”

“నానూ వస్తాను. కింద నిలబడతాను.”

ఈశ్వరి చెప్పుల్లో కాళ్లు పెట్టబోయి, పెట్టలేక ఆ కాలే సిమెంటు మీదే చతికిలబడి, మొహానికి చున్నీ కప్పుకుని బావురుమంది. సరేనన్న రోజు నుంచీ ఒక్క చుక్క కూడా రాల్చని పిల్ల. తన లోపల ఇంత ఏడుపు ఉందని అప్పటిదాకా ఆమెకే తెలియదు.