సుద్ద గీత

ముందు గొలుసు చప్పుడు వినిపించింది. తారు మీద ఈడ్చుకుంటూ, ఆగి, మళ్లీ ఈడ్చుకుంటూ. సూర్యాపేట బైపాస్ పక్కన, తన షెడ్డులో, ఫకీరా చేతిలోని వెల్డింగ్ రాడ్డును కింద పెట్టాడు. ఆ గొలుసు తాను బిగించినదే.

ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. వెనుక వంగిన ఇనుము, పక్కన ఇంద్రజ. కోదాడ ఠాణా నుంచి బండి నాలుగు నెలలకు బయటికొచ్చింది.

పాత ఫియట్ కారు ఇంజన్ చుట్టూ ఆ మోటారుసైకిలును ఇంద్రజ భర్త నాగేందర్, ఫకీరా కలిసి మూడేళ్లు కట్టారు. షెడ్డులో ఇద్దరికీ ఒక కట్టడి ఉండేది. పైపు నిలవడానికి చుక్కల్లాంటి తాత్కాలిక అతుకులు, అంటే టాకాలు మాత్రమే వేసిన చోట సుద్దతో గుండ్రంగా గీయాలి. పూర్తిగా అతికినవాడే ఆ గీతను తుడవాలి. నోటిమాట అక్కరలేదు, గీతే మాట.

నాలుగు నెలల కింద, ఒక శుక్రవారం ఇంజన్ కింది పైపుకు రెండు టాకాలు వేసి, గీత గీసి, ఫకీరా మిర్యాలగూడ రైస్‌మిల్లుకు తొందర పని మీద వెళ్లాడు. మధ్యాహ్నం ఫోను తీస్తే ఇంద్రజ పంపిన ఫొటో. తడిగుడ్డతో తుడిచిన బండి. గీత ఉండాల్సిన చోట పసుపు, కుంకుమ. కింద ఒక వాక్యం: "అన్నా, నా సవతికి బొట్టు పెట్టిన, సూడు."

ఫకీరా వెంటనే ఫోను చేశాడు, నాగేందర్ ఎత్తలేదు. గీత కనిపించలేదు గనుక పని అయిందనుకొని, అప్పటికే కోదాడ దారిలో ఉన్నాడు. పైపు ఊడింది. ఇంజన్ నేలను తాకింది. అతడు దవాఖాన దాకా బతకలేదు.

ఇప్పుడు ఆటో పక్కన ఇంద్రజ ఊడిన పైపు మీద వేలు పెట్టింది. పసుపు ఇంకా ఉంది.

"తాగి నడిపిండంటున్నరు. ఇంకొందరేమో ఆయన అతుకే ఆయనను మింగిందంటున్నరు. నా బిడ్డకు ఏం చెప్పాలె?"

ఫకీరా వంగి ఊడిన చోటును చూశాడు.

"అన్నా, ఆ పొద్దు తుడిసేటప్పుడు గీడ తెల్లగ గుండ్రంగ గీసి ఉండె. గదేంది?"

ఆ ఫొటోను అతడు ఎవరికీ చూపలేదు. గీత సంగతి చెబితే, దాన్ని తుడిచిన చేత్తో ఆమె ఇక బిడ్డకు అన్నం కలపలేకపోతుంది. చెప్పకపోతే చచ్చినవాడికి మచ్చ మిగులుతుంది.

"ఏం లేదు చెల్లె. కొలతకు గీసిన."

"మరి గిది ఎట్ల ఊడింది?"

"సగమే అతికిండు. మిగిలింది చెయ్యకుండ పోయిండు."

"ఎవలు? మా ఆయననా? పేరు చెప్పు. నాలుగు నెలల సంది అడుగుతున్న, ఒక్కలు చెప్తలేరు."

ఆటో అంచున గొలుసు ఊగి ఊగి ఆగింది.

అతడు తలెత్తి అన్నాడు: "ఫకీరా."