ముందే బయల్దేరిన సంచి

నేను ఒక సంచిని. కూరలు తెచ్చుకునే సంచినీ కాను, పెళ్ళిళ్ళలో తాంబూలం పెట్టి చేతికిచ్చే సంచినీ కాను. లారీల మీద కప్పే టార్పాలిన్ గుడ్డలోంచి పుట్టినదాన్ని. రాజమండ్రిలో టార్పాలిన్లు కుట్టే వీరభద్రం, కత్తిరించగా మిగిలిన ముక్కను పారేయడానికి మనసొప్పక, రెండు పట్టీలూ ఒక ఇత్తడి కట్టూ తగిలించి నన్ను తయారు చేశాడు. నన్ను చూసి వాళ్ళావిడ "ఇది సంచా, గుర్రం మీద వేసే జీనా?" అంది. నేనేమీ నొచ్చుకోలేదు. అందం సంగతి ఎలా ఉన్నా, ఇన్నేళ్ళలో నా కుట్టు ఒక్కటి ఊడలేదు.

నా మొదటి యజమాని నూకరాజు, చేపల లారీ డ్రైవరు. అస్సాం దాకా వెళ్ళేవాళ్ళం. నాలో రెండు లుంగీలు, ఒక దేవుడి పటం, వాళ్ళమ్మ వండిన జంతికలు ఉండేవి. దారిలో ఏ హోటలు దగ్గర ఆగినా "నాకు భయమంటే తెలీదెహే" అని చెప్పేవాడు. ఘాట్ రోడ్డు వచ్చిందంటే మాత్రం ముందూ వెనకా చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టందే బండి కదిలించేవాడు కాదు. మనుషుల ధైర్యం నిమ్మకాయల మీద నడుస్తుందని అప్పుడే గ్రహించాను.

లారీ మానేసి కిళ్ళీకొట్టు పెట్టుకున్నాక నూకరాజు నన్ను తన పిల్లలు చదివే హైస్కూలులో డ్రిల్లు మాస్టారు జోసెఫ్ గారికి ఇచ్చేశాడు. ఆయన నాలో ఒక ఫుట్‌బాల్ దాచేవారు. దానికి ఇన్‌స్పెక్షన్ రోజున తప్ప గాలి కొట్టేవారు కాదు. ఆయన రిటైరైన రోజున దండలూ శాలువాలూ గోడగడియారమూ భద్రంగా ఇల్లు చేరాయి. నేను స్టాఫ్‌రూములో మేకుకు వేలాడుతూ మిగిలిపోయాను. అక్కడి నుంచి నన్ను దింపి, దుమ్ము దులిపి, పరీక్ష పేపర్లు మోయడానికి తీసుకెళ్ళింది సోషలు టీచరు ఝాన్సీ.

ఝాన్సీ ఏటా తొమ్మిదో తరగతికి భూమధ్యరేఖ దగ్గరి అడవుల పాఠం చెబుతుంది. ఆకుపచ్చ సుద్దతో బోర్డు నిండా చెట్లు వేస్తుంది. పెద్ద చెట్ల కింద చిన్న చెట్లు, వాటి కింద పొదలు. "ఇక్కడ ఎండ నేల మీద పడదు" అని చెప్పేటప్పుడు ఆమె గొంతు కొంచెం తగ్గుతుంది, గుళ్ళో మాట్లాడినట్టు. ఒక రోజు ముందు బెంచీ పిల్ల లేచి "టీచరుగారండీ, మీరు చూశారాండీ?" అని అడిగింది. ఝాన్సీ "లేదమ్మా" అని కూర్చోబెట్టింది. ఆ సాయంత్రం భోజనాల దగ్గర, ఎవరూ అడగకుండానే, "ఈ వేసవికి శ్రీలంక వెళదాం. అక్కడ ఆ అడవులున్నాయి. రెండు రోజులు నడవాలి" అంది.

ఆ ఇంట్లో వేసవి ప్రయాణాలకు ఒక చరిత్ర ఉంది. ఊటీ అనుకున్న ఏడు అన్నవరం అయింది. కొడైకెనాల్ అనుకున్న ఏడు ఆడపడుచు గృహప్రవేశం అయింది. ఝాన్సీ రెండుసార్లూ "సరేలెండి" అని ఊరుకుంది. కాబట్టి ఆమె నోరు తెరిచి ఒకటి అడగడం ఇంటిల్లిపాదికీ వింతగా తోచి, వెంటనే ఒప్పేసుకున్నారు. ఒప్పుకోవడం అయ్యాక అసలు గొడవ మొదలైంది.

ప్రతి ఆదివారం భోజనాల బల్ల దగ్గర సమావేశం. నేను కుర్చీకి వేలాడుతూ అన్నీ వినేదాన్ని. ఝాన్సీ భర్త ఫణిబాబుకు పంపుసెట్ల దుకాణం ఉంది. సాహసయాత్ర అన్న మాట చెవిన పడగానే ఆయన తాడు కొన్నాడు, హెల్మెట్టు కొన్నాడు, నుదుటికి కట్టుకునే లైటు కొన్నాడు. ఆ లైటు పెట్టుకునే పప్పన్నం తిన్నాడు. కూతురు లిఖితకు ఒక్కటే పట్టుదల: నది మీద రబ్బరు పడవ, లోయ మీద తాడుకు వేలాడుతూ జారడం. ఫణిబాబు తల్లి వరహాలమ్మగారికి సీతమ్మవారు కూర్చున్న అశోకవనం చూడాలి, మూడు పూటలా పెరుగు దొరకాలి.

"అక్కడ గేదె పెరుగు చాలా ఫేమస్ నానమ్మా, కుండల్లో అమ్ముతారు" అంది లిఖిత ఫోను చూసి.

"అలాగైతే లంక మంచి దేశవే" అని ఆవిడ ఆ క్షణమే రావణుణ్ణి క్షమించేశారు.

అందరి కోరికలూ ప్రయాణంలో చేరాయి. తగ్గుతూ వచ్చింది ఝాన్సీ అడవి ఒక్కటే. దానికి కారణం జలగ. ఒకనాడు ఫణిబాబు ఫోనులో ఎవరి పిక్కనో పట్టుకున్న జలగను చూసి, రెండు కాళ్ళూ కుర్చీ మీదకు లాక్కుని, మళ్ళీ దింపలేదు. ఆ తర్వాతి ఆదివారం రెండు రోజుల అడవి ఒక రోజైంది. ఆపై ఆదివారం ఒక పూట అయింది. చివరికి "కార్లోంచి కనపడుద్ది లేవే. అద్దాలు దించుకుని చూద్దాం" అన్నాడు.

"సరేలెండి" అంది ఝాన్సీ. నన్ను దగ్గరికి లాక్కుని, సర్ది ఉన్న పేపర్లనే మళ్ళీ సర్దడం మొదలుపెట్టింది. ఆమె వేళ్ళు నా ఇత్తడి కట్టును ఊరికే తీస్తూ పెడుతూ ఉంటే నాకు చాలా బాధేసింది. నోరుంటే ఆ రోజే అడిగేదాన్ని, కారు అద్దంలోంచి చూడ్డానికి సముద్రం దాటి పోవాలా అని.

రైలూ విమానమూ కుదిరాక వరహాలమ్మగారు సిద్ధాంతిగారిని కనుక్కున్నారు. పిడుగు పడింది. బయల్దేరేది గురువారం. గురువారం దక్షిణానికి వారశూల, ఆ దిక్కుకు బయల్దేరకూడదు. చెన్నై దక్షిణమే, లంక మరీ దక్షిణం.

"హనుమంతుడు వారశూల చూసుకునే దూకాడా అమ్మా?" అన్నాడు ఫణిబాబు.

"ఆయన దేవుడు. నువ్వు పిట్టగోడ దగ్గర నిలబడితేనే కళ్ళు తిరుగుతాయంటావు" అన్నారు ఆవిడ.

ప్రతి శూలకూ మనవాళ్ళ దగ్గర ఒక సందు ఉంటుంది. దాని పేరు ప్రస్థానం. మనిషి బయల్దేరే రోజు మంచిది కాకపోతే, ముందే ఒక మంచి ముహూర్తాన మూటో సంచో తీసుకెళ్ళి ఎదురింట్లోనో పక్కింట్లోనో పెడతారు. దాంతో ప్రయాణం మొదలైనట్టే లెక్క. అసలు రోజున మనిషి మామూలుగా గడప దాటి, దారిలో దాన్ని అందుకుని వెళతాడు. దానికి ఒక్కటే నియమం: ఒకసారి బయల్దేరిన సంచి మళ్ళీ ఇంట్లో అడుగు పెట్టకూడదు.

ఏ సంచి పెట్టాలా అని వెదికారు. కొత్త సూట్‌కేసులు పరాయి ఇంట్లో పెట్టడానికి ఫణిబాబుకు మనసు రాలేదు. "ఆ పాత గుడ్డ సంచి పెట్టండి, పోయినా ఫర్లేదు" అన్నాడు. వరహాలమ్మగారు మాత్రం ఉత్త సంచి పెడితే ఫలం ఉండదని, ప్రయాణానికి అతి ముఖ్యమైన వస్తువు అందులో ఉండాలని పట్టుబట్టారు. అలా పోయినా ఫర్లేదనుకున్న సంచిలో నాలుగు పాస్‌పోర్టులూ పెట్టి, పసుపు రాసి, సోమవారం పొద్దున్నే దక్షిణం వైపు పక్కింటి చిట్టెమ్మగారికి అప్పజెప్పారు. మనుషుల తెలివిని నేనెప్పుడూ తక్కువ చేసి మాట్లాడను. అదెప్పుడు ఎటు ప్రవహిస్తుందో చెప్పలేం, అంతే.

చిట్టెమ్మగారు నన్ను దేవుడి గూడు కింద మర్యాదగా కూర్చోబెట్టారు. బుధవారం తాడేపల్లిగూడెం నుంచి ఆవిడ కూతురికి నొప్పులొస్తున్నాయని ఫోనొచ్చింది. ఉన్న చీర మీద ఉన్నట్టే తాళం వేసి పరుగెత్తారు. లోపల నేనూ, నా కడుపులో నాలుగు పాస్‌పోర్టులూ. శాస్త్రప్రకారం నేనప్పటికే సగం దారిలో ఉన్నాను.

గురువారం మధ్యాహ్నం వీధిలో ఆటో ఆగిన చప్పుడు, తర్వాత తాళం కప్ప లాగి చూసిన చప్పుడు, తర్వాత ఫణిబాబు గొంతు వినిపించాయి. ఆ గొంతులో పంపుసెట్లో నీళ్ళు అయిపోయినప్పుడు వచ్చే గరగర ఉంది. ఫోను స్పీకర్లో పెట్టారు. చిట్టెమ్మగారు అటునుంచి లబలబలాడారు.

"అయ్యో నా మతి మండా! మనవడు పుట్టాడన్న సంబరంలో మర్చేపోయానమ్మా ఝాన్సీ. తాళాలు నా దగ్గరే ఉండిపోయాయి. మేడ మీద తలుపు గడియ సరిగ్గా పడదు, గట్టిగా తోస్తే వచ్చేస్తది. మీ మేడ మీంచి మా మేడ మీదకి దాటెయ్యండి."

రెండు మేడలకూ మధ్య సందు మూరెడే. కిందికి చూస్తే మాత్రం రెండంతస్తుల లోతు. అందరూ పైకెక్కారు. అక్కడ జరిగింది తర్వాత లిఖిత చెబుతుంటే విన్నాను. ఫణిబాబు హెల్మెట్టు పెట్టుకుని పిట్టగోడ దాకా వెళ్ళి, ఒకసారి తొంగిచూసి, నీళ్ళ ట్యాంకు పక్కన కూర్చుండిపోయాడు. లిఖిత "నేను దూకుతా" అంటే నానమ్మ జడ పట్టుకుని ఆపారు. అప్పుడు ఝాన్సీ చెప్పులు విడిచింది. కోనసీమలో పుట్టి జామచెట్టెక్కని ఆడపిల్ల ఉండదు. కొంగు నడుముకు దోపింది. ఫణిబాబు కొత్త తాడు ఒక కొస ఆమె నడుముకూ, ఇంకో కొస ట్యాంకు పైపుకూ కట్టి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"దాటావా?" అన్నాడు కాసేపటికి.

"ఎప్పుడో" అంది అవతలి నుంచి.

తలుపు తోసుకుని మెట్లు దిగి వచ్చి నన్ను ఎత్తుకున్నప్పుడు ఆమె గుండె చప్పుడు నా గుడ్డకు తగిలింది. అంత వేగంగా అది కొట్టుకోవడం నేనెప్పుడూ వినలేదు. ఆయాసం అనుకున్నాను. కాదు. మేడ మీదకు వచ్చి చిట్టెమ్మగారి పిట్టగోడ మీద నన్ను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"శభాష్! ఇటు విసురు" అన్నాడు ఫణిబాబు.

"అడవి రెండు రోజులండీ."

"ఏంటే?"

"రెండు రోజులు. కార్లోంచి కాదు. దిగి, నడిచి. ఒప్పుకుంటే సంచి వస్తుంది. లేదంటే నేనూ సంచీ ఇక్కడే."

"రైలుకి టైమైపోతంటే ఇప్పుడా బేరం? జలగలే బాబూ అక్కడ!"

"ఉండనీండి. నేను చూడని అడవి గురించి ఇరవయ్యేళ్ళుగా పాఠం చెబుతున్నాను. నాకు సిగ్గుగా ఉంది." నన్ను ఇంకా గట్టిగా పట్టుకుంది.

కింద ఆటోవాడు హారను కొట్టాడు. వరహాలమ్మగారు సూర్యుడి వంక చూసి గుండెలు బాదుకున్నారు.

"ఒరే ఫణీ! జలగ కరిస్తే కాసింత రక్తం పోద్ది. రాహుకాలంలో బయల్దేరితే ఏం పోద్దో ఎవడికి తెల్సు? ఒప్పుకోరా నాయనా! అయినా అదెప్పుడు ఏం అడిగిందిరా నిన్ను?"

ఫణిబాబు హెల్మెట్టు తీసి తల గోక్కున్నాడు. "సరేలే" అన్నాడు. ఆ ఇంట్లో ఆ మాట మగగొంతుతో వినడం నాకు అదే మొదటిసారి.

ఝాన్సీ నన్ను అందివ్వబోతే అత్తగారు మళ్ళీ కేకేశారు. ఈ మేడ కూడా మన ఇల్లే కదా, బయల్దేరిన సంచి ఇంట్లోకి ఎలా వస్తుంది? దాంతో నన్ను రెండంతస్తుల మీంచి వీధిలోకి వదిలేశారు. ఆటో టాపు మీద పడి, దొర్లి, డ్రైవరు కాళ్ళ దగ్గర ఆగాను. వీరభద్రం చేతి చలవ వల్ల పాస్‌పోర్టులు నలగలేదు.

ఆ అడవిలో మొదటి రోజు ఉదయం ఝాన్సీ పది అడుగులు వేసి ఆగిపోయింది. నేను ఆమె భుజానికి ఉన్నాను. ఎండ నిజంగానే నేల మీద పడలేదు. కానీ ఆమె పైకి చూడడం లేదు, వింటోంది. కీచురాళ్ళు, కప్పలు, ఎక్కడో కనపడని పిట్టలు, ఆకు మీంచి ఆకు మీదకు దిగుతున్న నీళ్ళు, అన్నీ కలిసి సంతరోజులా హోరెత్తుతున్నాయి. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఎంత చప్పుడండీ! ఇంత చప్పుడుంటుందని పిల్లలకి నేనెప్పుడూ చెప్పలేదు. పుస్తకంలో లేదు" అంది.

సరిగ్గా అప్పుడే ఫణిబాబు తన కాలి వంక చూసుకున్నాడు. మేజోడు పైన, పిక్క మీద, బాగా బలిసిన జలగ ఒకటి ఉంది. ఆయన నోరు తెరిచాడు. ఝాన్సీ మొహం చూశాడు. నోరు మూసేశాడు. వెనక్కి తగ్గి తల్లి దగ్గర చిటికెడు ఉప్పు అడిగి తీసుకుని, చెట్టు చాటుకు వెళ్ళి, పళ్ళు బిగించి దాన్ని వదిలించుకున్నాడు. ఈలపాట పాడుకుంటూ వచ్చి, నెత్తురైన మేజోడును ఆమె చూడకుండా నా అడుగున కుక్కి, ఆమె పక్కన నిలబడ్డాడు. ఆ రెండు రోజుల్లో నా అడుగున అలాంటి మేజోళ్ళు ఇంకా చేరాయి. ఆయన ఒక్కసారి కూడా వెనక్కి వెళదామనలేదు.

నేనిప్పుడు మళ్ళీ స్టాఫ్‌రూములోనే ఉన్నాను. అడవి చెమ్మకు కొంచెం బూజు పట్టాను, ఇత్తడి కట్టు నల్లబడింది. తొమ్మిదో తరగతిలో ఆ పాఠం వచ్చినప్పుడు ఝాన్సీ ముందు బోర్డు దగ్గరకు వెళ్ళదు. ఒక వరుస చేత కీచురాళ్ళలా కూయిస్తుంది, ఒక వరుస చేత కప్పల్లా బెకబెకలాడిస్తుంది, మిగతావాళ్ళు బల్లల మీద వేళ్ళతో వాన కురిపిస్తారు. హెడ్మాస్టరుగారు మొదటిసారి పరుగెత్తుకుంటూ వచ్చారు, ఇప్పుడు తలుపు వేసుకుంటున్నారు. తోటి టీచర్లతో ఆమె నవ్వుతూ చెబుతుంది, "మావారు ఊరికే భయపడ్డారు గానీ, ఒక్క జలగా పట్టలేదు" అని.

మేజోళ్ళను ఫణిబాబు ఆమె చూడకముందే తీసి పారేశాడు గానీ, నా అడుగున ఒక గోధుమరంగు మరక ఉండిపోయింది. ఝాన్సీ సబ్బు పెట్టి రుద్దింది, నిమ్మచెక్క పెట్టి రుద్దింది, పోలేదు. ఇదేం మరకండీ అని అడిగితే ఫణిబాబు దుకాణానికి వెళుతూ, చెప్పులు వేసుకుంటూ, తలెత్తకుండా చెప్పాడు.

"ఆవకాయ."