కాపు లేని ఏడాది

రాయప్పను తుపాకీతో కాల్చిన సంగతి వీరభద్రరావు మాస్టారు ఊళ్ళో చాలామందిని అడిగారు. అందరూ ఒకేలా చెప్పారు. అక్కడే అనుమానం రావలసింది. రాలేదు.

ఆయన నూజివీడులో చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. మామిడి వర్తకుడు పాండురంగారావు, చనిపోయిన తన తండ్రి కోటేశ్వరరావు జీవిత చరిత్ర రాసిపెట్టమని ఆయన్ని కుదుర్చుకున్నాడు. అది నలభై తొమ్మిది వేసవి. జమీందారీలే రద్దవుతున్న రోజులు. ఇక అచ్చులో ఉన్న పేరే నిలుస్తుందని పాండురంగారావు నమ్మకం.

ఆ పుస్తకంలో ఒక అధ్యాయం పేరు 'దొంగను ఎదిరించిన ధీరుడు'. పాతికేళ్ళ కిందట, మామిడి మంచి కాపు మీదున్న రోజుల్లో, రెడ్డిగూడెం దారిలోని కోటేశ్వరరావు తోటలో రాయప్ప అనే కూలీ బస్తాడు రసాలు ఎత్తుకుపోతుంటే ఆయన అడ్డం నిలబడి కాల్చి చంపాడన్నది కథ.

బెజవాడ ప్రెస్సు నుంచి ప్రూఫులు వచ్చిన రోజే రాయప్ప భార్య రిబ్కమ్మ మాస్టారి వాకిట్లోకి వచ్చి నిలబడింది.

"అయ్యగారూ, పుస్తకంలో నా మొగుణ్ణి దొంగని వేశారంట."

"అందరూ అన్నదే వేశాను రిబ్కమ్మా."

"నోటి మాటైతే విననట్టు పోతాం. అచ్చేస్తే ఎక్కడికి పోతామండీ? మా అబ్బాయి దేవదానానికి ఒక్క తోటలో కాపలా పని ఇవ్వరు. దొంగ కొడుకుని కాపలా పెడితే కాయల్తో పాటు చెట్టు కూడా పోద్దని నవ్వుతారు. ఇప్పుడు వాడికి పుట్టబోయేవాళ్ళని కూడా అట్టాగే అంటారు. ఆ ఒక్క మాట తీసెయ్యండి."

"నేనేం కల్పించలేదమ్మా. ఇంతమందిని అడిగి రాశాను."

"ఏమని అడిగారండీ?"

"ఏముంది? కోటేశ్వరరావు గారు ఆ దొంగని ఎలా కాల్చారో చెప్పమని..."

మాస్టారి మాట సగంలో ఆగింది. దొంగ అన్న మాట జనం చెప్పలేదు. తనే తీసుకెళ్ళి వాళ్ళ చేతిలో పెట్టాడు. వాళ్ళు తిరిగి ఇచ్చారు. ప్రశ్నలోనే జవాబు పెట్టి అడగొద్దని ముప్ఫై ఏళ్ళు పిల్లల్ని బెత్తంతో కొట్టి మరీ చెప్పిన మనిషి ఆయన.

"ప్రూఫులు నా దగ్గరే ఉంటాయి. నువ్వు వెళ్ళు," అన్నారు.

మర్నాడు పొద్దున్నే విస్సన్నపేట వెళ్ళారు. అక్కడ బండి తోలే వీరయ్య ఉన్నాడు. అతని పెళ్ళి జరిగింది రాయప్ప పోయిన ఆ వేసవిలోనే. మాస్టారు ఈసారి తుపాకీ మాట ఎత్తలేదు. దొంగ మాట అసలే ఎత్తలేదు.

"వీరయ్యా, నీ పెళ్ళయిన ఏడు మామిడి కాపు ఎట్టా ఉంది?"

వీరయ్య పకపకా నవ్వాడు. "కాపా? అడక్కండి మాస్టారూ! పూత మీద తేనెమంచు పురుగు పడి తోటలన్నీ మాడిపోయినియ్యి. సీజనంతా ఒక్క బండి కట్టలా. పెళ్ళి భోజనంలో మామిడికాయ పప్పు కూడా లేదని మా మావ ఇప్పటికీ దెప్పుతాడు. నేనేమో, నీ కూతుర్ని ఇచ్చావు చాలదా, ఆ పులుపు సరిపోద్దిలే అంటా."

మాస్టారు నవ్వలేదు. అక్కణ్ణించి రెడ్డిగూడెం. ఊరగాయలు పెట్టి అమ్మే కనకమ్మని కూడా అట్లాగే, ఆ ఏటి ఆవకాయ గురించి అడిగారు.

"ఆ ఏడు జాడీలు కడిగి బోర్లించాం బాబూ. చింతకాయ తొక్కుతో వెళ్ళదీశాం."

ఎండలో తిరిగి వస్తుంటే మాస్టారికి నడక తేలికైంది. తోటల్లో కాయ లేని ఏడు బస్తాడు రసాలు ఎక్కణ్ణించి వచ్చాయి? దొంగతనం లేదు. దొంగ లేడు.

పాండురంగారావు కొట్లో కాయల రాశుల మధ్య కూర్చుని ఉన్నాడు. చెప్పిందంతా విని మొహం చిట్లించాడు.

"చరిత్ర రాయమన్నాను గానీ మా నాన్న మీద కేసు నడపమన్లేదండీ."

"నడపను. కానీ అబద్ధానికి నా పేరు పెట్టను."

 కాలం మారుతోందని పాండురంగారావుకీ తెలుసు. కూలీలు జెండాలు పట్టుకు తిరుగుతున్నారు.

"సరే, ఆ అధ్యాయం ఎత్తెయ్యండి. ధైర్యం గురించి ఇంకోటేదైనా రాద్దురుగాని. మా నాన్న వరదలో ఈదాడని రాయండి."

"ఈదారా?"

"ఎవర్నైనా అడగండి, ఈదాడనే చెప్తారు."

మాస్టారు లేచి తిన్నగా ఊరి బయట పల్లెకి నడిచారు. రిబ్కమ్మ గుడిసె ముందు దేవదానం తాటాకు కట్టలు కడుతున్నాడు. ఇరవై నాలుగేళ్ళ మనిషి, కళ్ళెత్తి మాట్లాడ్డం అలవాటు లేనివాడు. కాపు లేదన్న సంగతి చెప్పగానే తలెత్తాడు.

"నిజంగానా అండీ? కాయే లేదా?"

"లేదు. వీరయ్య చెప్పాడు, కనకమ్మ చెప్పింది. మీ నాన్న దొంగ కాదు."

దేవదానం తల్లి వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు అలాగే ఉండగా కనుబొమలు ముడిపడ్డాయి.

"మరి కాయ లేని తోటలోకి మా నాయన ఎందుకెళ్ళాడు?"

ఆ ప్రశ్న మాస్టారికి తట్టనే లేదు.  అంత దూరం తిరిగి, తనకి కావలసిన జవాబు దొరకగానే ఆయన అడగడం మానేశారు.

"అమ్మా, నీకు తెలీదా?"

"తెలీదురా," అంది రిబ్కమ్మ.

"పోనీలే. మాస్టారు అడిగినట్టే నేనూ అడుగుతా. చాట్రాయి దాకా ఆ తోటలో పనిచేసినోళ్ళు చాలామంది ఉన్నారు." అతను హుషారుగా తాటాకుల మోపు ఎత్తుకుని వెళ్ళిపోయాడు.

కొడుకు కనుమరుగయ్యేదాకా చూసి రిబ్కమ్మ నేల మీద కూర్చుంది.

"బావి పక్కన ఒక పునాస మామిడి చెట్టుండేదండీ. వేళ కాని వేళ కాసేది. ఆ ఏడు పురుగు దాన్ని ముట్టలేదు. నేను నెల తప్పి, వాంతులతో మంచాన పడ్డాను. పుల్లగా ఒక ముక్క తగిల్తే గానీ మెతుకు దిగదన్నాను. వద్దే, దొర తుపాకీ పట్టుకు తిరుగుతున్నాడే అన్నాడు ఆయన. నేనే ఏడ్చి పంపాను. ఒక్క కాయ. పడిపోయినప్పుడు చేతిలోనే ఉందంట."

"అప్పుడు కడుపులో ఉన్నది..."

"వాడేనండీ."

 "అయితే ఇదే రాయాలి. ఒక్క కాయకి మనిషిని చంపారని."

"రాస్తే వాడు అట్టా చదవడండీ. కడుపులో ఉన్న తన కోసమే నాయన చచ్చాడని చదువుతాడు."

"అసలా అధ్యాయమే తీసేస్తానన్నాడు పాండురంగారావు."

"తీసేస్తే వాడు ఊరుకుంటాడా? విన్నారుగా. ఆ చెట్టు ఎరిగినోళ్ళు ఇంకా బతికున్నారు." రిబ్కమ్మ ఆయన కాళ్ళ వైపు చూస్తూ అంది. "దొంగ అనే ఉంచండి అయ్యగారూ. బస్తాతో పోతుంటే కాల్చారనే ఉంచండి. దొంగంటే ఇంక అడగడానికి ఏం ఉండదు."

"నీ కొడుక్కి కాపలా పని రాదు."

"రాదండీ."

ఆ సాయంత్రమే ఆయన పల్లెలోనే దేవదానాన్ని పట్టుకున్నారు. పొరబడ్డానని, ఆ తోట మాత్రం విరగకాసిందని, వీరయ్యదీ కనకమ్మదీ మతిమరుపు మాటని చెప్పారు. పాండురంగారావుతో ఆ అధ్యాయం ఉన్నదున్నట్టు వేయమన్నారు. "అదే మరి, ఆఖరికి నిజమే నిలబడింది," అన్నాడు పాండురంగారావు సంబరంగా.

వానలు మొదలయ్యాక పుస్తకం వచ్చింది. దేవదానం మాస్టారింటికి వచ్చి, అడిగి తీసుకుని, గుమ్మంలో నిలబడే ఆ పేజీ చదివాడు. రెండోసారి కూడా చదివాడు. పుస్తకం మూసి అరుగు మీద జాగ్రత్తగా పెట్టాడు.

ఆ ఏటి కాపు సంగతి మళ్ళీ అడుగుతాడేమోనని మాస్టారు భయపడ్డారు. ఒక్క ప్రశ్న అడిగినా తను అబద్ధం మీద నిలవలేడని ఆయనకి తెలుసు. అడిగితే బాగుండునని కూడా అనిపించింది.

దేవదానం తలవంచుకుని దణ్ణం పెట్టి, వానలోకి దిగి వెళ్ళిపోయాడు.